పందెపు గుర్రము – ఛాయాచిత్రము: ఒక పరిశీలన

నలోపాఖ్యానం చదివిన విద్యార్థులకు ఒక ఘట్టం జ్ఞాపకముండును. జూదంలో రాజ్యం కోల్పోయిన నలుడు బాహుకుడను పేరుతో ఋతుపర్ణ మహారాజు వద్ద సారథిగా చేరుతాడు. విదర్భకు రథం తోలుకొని పోవు దారిలో ఋతుపర్ణుడు అతనికి అక్షహృదయాన్ని, అనగా పాచికల మర్మాన్ని ఉపదేశిస్తాడు. దానికి మారుగా నలుడు అశ్వహృదయాన్ని, అనగా గుర్రాల మనస్సెరిగే విద్యను ఇచ్చుటకు అంగీకరిస్తాడు. నన్నయ భట్టారకుడు ఈ కథను అరణ్యపర్వంలో తెనిగించాడు. జూదపు విద్య, గుర్రపు విద్య ఒకే రథంపై చేతులు మారిన ఈ ఘట్టాన్ని తరగతిలో చెప్పునప్పుడెల్ల మాకు నేటి పందెపు మైదానం కంటికి కట్టును. అక్కడ కూడ ఈ రెండు విద్యలు పక్కపక్కనే ఉన్నవి. చూడవచ్చిన వారిలో అక్షహృదయం కోరి వచ్చినవారే అధికులు. అశ్వహృదయం ఎరిగినవారు లాయంలో గడ్డి పరుస్తూ ఉంటారు.

ఈ వ్యాసంలో మేము పరిశీలింపదలచినవి మూడు విషయాలు. పందెపు గుర్రపు జాతి ఎట్లు ఏర్పడినది? ఆ గుర్రాన్ని కెమెరా ఎట్లు చూచినది? ఆ కెమెరా ఎవరిని చూడకుండ వదలివేసినది?

1. జాతి పుట్టుక

పందేలలో పరుగెత్తు గుర్రాలను 'థరోబ్రెడ్' అంటారు. ఈ జాతి పదిహేడవ, పద్దెనిమిదవ శతాబ్దాలలో ఇంగ్లండులో రూపొందినది. కాని దాని పితృమూలాలు తూర్పు దేశాలవి. అక్కడి ఆడ గుర్రాలతో జతపరచుటకు తెచ్చిన మగ గుర్రాలలో మూడింటి వంశాలు మాత్రమే నేటివరకు నిలిచినవి. మొదటిది బయర్లీ టర్క్. దానిపై కెప్టెన్ రాబర్ట్ బయర్లీ 1690లో ఐర్లండులోని బోయిన్ యుద్ధంలో స్వారి చేశాడు. రెండవది డార్లీ అరేబియన్. దానిని థామస్ డార్లీ సిరియాలోని అలెప్పో నగరంలో సంపాదించి 1704లో యార్క్‌షైరుకు పంపాడు. మూడవది గొడాల్ఫిన్ అరేబియన్. నేడు ప్రపంచంలోని థరోబ్రెడ్ మగ గుర్రాలలో అత్యధిక భాగం పితృవంశం డార్లీ అరేబియన్‌కే చేరుతుంది. 1764లో పుట్టి, పరుగెత్తిన ఏ పందెంలోను ఓడిపోని ఎక్లిప్స్ అను గుర్రం ఆ వంశంలోనిదే.

ఈ వంశావళులను 1791లో వెదర్బీ కుటుంబంవారు 'జనరల్ స్టడ్ బుక్' అను గ్రంథంగా ప్రకటించారు. మన దేశంలో ఇట్టి పట్టికను పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా నిర్వహిస్తున్నది. ప్రతి పిల్లకు తల్లి, తండ్రి, రంగు, నుదుటి మచ్చ, కాళ్ళ తెలుపు, వెంట్రుకల సుళ్ళు నమోదు చేయబడును. మెడలో బియ్యపు గింజంత మైక్రోచిప్ అమర్చబడును.

సుళ్ళ మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. తెలుగులో మనుమంచి భట్టు రచించిన అశ్వశాస్త్ర గ్రంథమున్నది. ఉర్దూలో సఆదత్ యార్ ఖాన్ రంగీన్ రచించిన ఫరస్‌నామా ఉన్నది. సుడి ఎక్కడ ఉంటే యజమానికి శుభం, ఎక్కడ ఉంటే అశుభం అని మన పూర్వులు రెండు భాషలలోను విచారించారు. నేటి పశువైద్యుడు కూడ అదే సుడిని వెదకి గుర్తు వేస్తాడు. అతడు ఫలం చెప్పడు. ఈ గుర్రం ఫలానాదే అని నిర్ధారిస్తాడు. మనిషికి వేలిముద్ర ఎట్టిదో గుర్రానికి సుడి అట్టిది. పాత విద్యలోని పరిశీలన నిలిచినది, జోస్యం జారిపోయినది. శాస్త్రం పెరుగు విధానానికి ఇంతకంటె సులభమైన ఉదాహరణ మాకు కనబడలేదు.

మన కళాశాలలోని రెండు భాషలు కలిసిన చోట్లలో గుర్రపుశాల ఒకటి. తెలుగువాడు జీను, లగాము, రికాబు, సవారి, సాయిసు అంటున్నప్పుడు ఫారసీ, అరబ్బీ పదాలనే పలుకుతున్నాడు. ఇవి రాకముందు పల్లనం, కళ్ళెం, అంకవన్నె అను మాటలుండెను. కళ్ళెం నేటికిని బ్రతికి ఉన్నది. అంకవన్నె నిఘంటువులో నిద్రిస్తున్నది.

2. కంటికి చిక్కని నాలుగు కాళ్ళు

గుర్రం దౌడు తీయునప్పుడు నాలుగు కాళ్ళును ఒకేసారి నేలను విడుచునా? వేల సంవత్సరాలు గుర్రంతో కలిసి బ్రతికిన మానవుడు ఈ ప్రశ్నకు 1878 వరకు నిశ్చయమైన సమాధానం చెప్పలేకపోయాడు. అది కంటికి అందని వేగం. చిత్రకారులు తమ ఊహను అనుసరించి ముందు కాళ్ళు ముందుకు, వెనుక కాళ్ళు వెనుకకు చాచి గాలిలో తేలుతున్నట్లు చిత్రించేవారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో చిత్రించిన ఎప్సమ్ డెర్బీ పందెపు పటం పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాలలో ఉన్నది. అందులోని గుర్రాలన్నియు అట్లే ఎగురుతున్నవి. జార్జి స్టబ్స్ వంటి చిత్రకారుడు పద్దెనిమిది నెలలు గుర్రాల కళేబరాలను పొరపొరగా కోసి పరిశీలించి 1766లో అశ్వశరీర శాస్త్రంపై గ్రంథం ప్రకటించాడు. నిలిచిన గుర్రంలో ప్రతి కండరం ఎరిగిన ఆ మహనీయునికి సైతం పరుగెత్తు గుర్రపు కాలు చిక్కలేదు.

కాలిఫోర్నియాలో లీలండ్ స్టాన్‌ఫర్డ్ అను రైలు కంపెనీ అధిపతి ఉండేవాడు. ఆ రాష్ట్రానికి గవర్నరుగా కూడ పనిచేశాడు. గుర్రాలంటే ప్రాణం. ఆయన ఈ ప్రశ్నను తేల్చుటకు ఎడ్వర్డ్ ముయ్‌బ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుని నియమించాడు. స్టాన్‌ఫర్డ్ పెద్ద మొత్తం పందెం కాశాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. దానికి సమకాలికమైన ఆధారం లేదు.

1878 జూన్ నెలలో పాలో ఆల్టోలోని స్టాన్‌ఫర్డ్ క్షేత్రంలో ముయ్‌బ్రిడ్జ్ పన్నెండు కెమెరాలను 27 అంగుళాల దూరాన ఒకదాని పక్క ఒకటి నిలిపాడు. ఎదురుగా తెల్లని తెర. దారికి అడ్డంగా దారాలు కట్టబడెను. గుర్రం పోవుచు ఒక్కొక్క దారాన్ని తెంచినకొలది ఒక్కొక్క కెమెరా తెరచుకొని మూసుకొనును. సాలీ గార్డనర్ అను థరోబ్రెడ్ ఆడ గుర్రం మైలుకు 1 నిమిషం 40 సెకనుల వేగంతో ఆ కెమెరాల ముందు పరుగెత్తినది.

లెక్క కావలసినవారు ఇట్లు వేసికొనవచ్చును. ఆ వేగం గంటకు సుమారు 58 కిలోమీటర్లు, అనగా సెకనుకు 16 మీటర్లు. కెమెరా సెకనులో అరవయ్యవ వంతు తెరచి ఉన్నచో ఆలోపల గుర్రం 27 సెంటీమీటర్లు జరుగును. చిత్రంలో గుర్రానికి బదులు మసక చార పడును. వెయ్యవ వంతు తెరచినచో జరుగునది ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. అప్పటి ఛాయాగ్రాహకులు తడి గాజు పలకలపై సెకనుల తరబడి కాంతిని పట్టే రోజులలో ముయ్‌బ్రిడ్జ్ ఇంత స్వల్పకాలంలో గుర్రపు ఆకారాన్ని పట్టగలిగాడు. వివరాలు స్పష్టంగా లేకున్నను, తెల్లని తెరపై నల్లని నీడవలె కాళ్ళ స్థితి తెలియవచ్చినది.

సమాధానం అందరిని ఆశ్చర్యపరచినది. నాలుగు కాళ్ళును నేలను విడుచుట నిజమే. కాని కాళ్ళు చాచినప్పుడు కాదు. నాలుగును పొట్ట క్రిందకు ముడుచుకొన్నప్పుడు! చిత్రకారులు సరిగా తలక్రిందులుగా ఊహించారన్నమాట. ఆ సంవత్సరం అక్టోబరులో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఈ చిత్రాలను ముఖపత్రంపై ప్రచురించినది. మరుసటి సంవత్సరం ముయ్‌బ్రిడ్జ్ ఇట్టి చిత్రాలను గాజు చక్రంపై నిలిపి, త్రిప్పి, తెరపై గుర్రాన్ని పరుగెత్తించాడు. నేడు మనం చూచే చలనచిత్రానికి ఇది ఒక పూర్వరూపం.

ఇక్కడ ఆగకుండ తరువాయి కథ కూడ చెప్పవలెను. 1882లో స్టాన్‌ఫర్డ్ తన వైద్యమిత్రుడైన స్టిల్‌మన్ చేత 'ది హార్స్ ఇన్ మోషన్' అను పెద్ద గ్రంథం ప్రకటింపజేశాడు. దాని ముఖపత్రంపై ముయ్‌బ్రిడ్జ్ పేరు లేదు. అదే కాలమున లండనులోని రాయల్ సొసైటీ ఆయన వ్యాసాన్ని స్వీకరింపబోయి, ఈ గ్రంథం చూచి, ఈ పని నిజంగా ఎవరిదను సందేహంతో వెనుకకు తీసికొన్నది. ఆయన వేసిన దావా కొట్టివేయబడినది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అండతో 1887లో 781 పలకల మహాసంపుటం వెలువరించిన తరువాతనే ఆ పేరు స్థిరపడినది. చిత్రం తీసినవాని పేరే చిత్రం నుండి జారిపోగలదని విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక. ఈ మాటకు మళ్ళీ వస్తాము.

3. గెలుపు గీత వద్ద కాలమే చిత్రమగుట

రెండు గుర్రాలు ముక్కుకు ముక్కు కలిపి గీత దాటినప్పుడు తీర్పు చెప్పుట ఎట్లు? సెకనుకు 16 మీటర్ల వేగంలో 16 సెంటీమీటర్ల తేడా అనగా సెకనులో నూరవ వంతు. న్యాయనిర్ణేత కన్ను ఎంత పవిత్రమైనదైనను ఇంత సన్నని కాలాన్ని కోయలేదు.

1937లో కాలిఫోర్నియాలోని డెల్ మార్ మైదానంలో లొరెంజో డెల్ రిచ్చియో అను ఇంజినీరు నిర్మించిన కెమెరా ఈ చిక్కును విప్పినది. అందులో సామాన్య కెమెరావలె తెరచి మూసే రెప్ప లేదు. గెలుపు గీతను మాత్రమే చూచే సన్నని నిలువు చీలిక ఉన్నది. ఆ చీలిక వెనుక ఫిల్ము ఆగకుండ జరుగుచుండును. గీతపైకి ఏది ముందు వచ్చునో అది ఫిల్ముపై ముందు పడును. కనుక ఆ చిత్రంలో ఎడమ నుండి కుడికి ఉన్నది స్థలం కాదు, కాలం. ఇందులో పది గుర్రాలు వరుసగా కనబడినను అవి ఒకే క్షణంలో అట్లు నిలిచి ఉండలేదు. ఒకే గీతపైకి వేరువేరు క్షణాలలో వచ్చినవి. సరిగా గీతపై నేలకు ఆనిన గిట్ట ఆ చిత్రంలో సాగిలిపడి వికృతంగా కనబడును, ఏలయనగా ఆ క్షణాన గిట్ట కదలదు, ఫిల్ము కదలును. నేటి కెమెరాలు ఫిల్ము లేకుండ ఎలక్ట్రానిక్ పద్ధతిన ఇదే సూత్రాన్ని పాటిస్తున్నవి. 1949లో ఇంగ్లండు డెర్బీ చరిత్రలో మొదటిసారి ఇట్టి చిత్రం ఆధారంగా విజేతను నిర్ణయించారు. గెలిచిన గుర్రం నింబస్.

4. నిలిచిన గుర్రాన్ని చిత్రించుట

పరుగును పట్టుట యంత్రం పని. నిలిచిన గుర్రాన్ని చక్కగా చిత్రించుట మాత్రం మనిషి పని. అమ్మకపు పట్టికలకు, యజమానుల గదులకు కావలసిన చిత్రానికి కొన్ని నియమాలున్నవి. గుర్రాన్ని ఎడమ ప్రక్క నుండి చూపవలెను. కెమెరా వైపు కాళ్ళు కొంచెం ఎడంగా, అవతలి కాళ్ళు లోపలికి ఉండవలెను. అప్పుడే నాలుగు కాళ్ళును వేరువేరుగా కనబడును. కెమెరాను గుర్రపు పొట్ట నడిమి ఎత్తున నిలుపవలెను. మరీ దగ్గరగా పోయినచో తల పెద్దదై పిరుదులు చిన్నవగును. కనుక దూరాన నిలిచి పొడవైన కటకం వాడవలెను. ఎండ ఛాయాగ్రాహకుని వీపు వైపు ఉండవలెను. మెరుపు దీపం పనికిరాదు, గుర్రం బెదరును.

అన్నిటికంటె కష్టమైనది చెవులు. చెవులు ముందుకు నిక్కినప్పుడే గుర్రం ముఖానికి కళ వచ్చును. గుర్రపు ధ్యాస ఎటున్నదో చెవులు అటు తిరుగును. అందుచేత ఒకరు ఎదుట నిలిచి ఈలవేయుటయో, దాణా డబ్బాను గలగలలాడించుటయో చేయుదురు. గుర్రం చెవులు నిక్కించును. ఛాయాగ్రాహకుడు మీట నొక్కును. ఆ ఒక్క క్షణం కొరకు అరగంట వేచి ఉండుట పరిపాటి.

5. మన నగరపు మైదానం, లాయపు జీవితం

హైదరాబాదులో గుర్రపు పందేలు 1868లో మౌలాలిలో ప్రారంభమైనవి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు మారినవి. ఆ తరువాత సికింద్రాబాదుకు తరలిపోయినవి. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడినది, 1968లో పందేలు తిరిగి మలక్‌పేటకు వచ్చినవి. వర్షకాలంలో ఒక దఫా, శీతకాలంలో ఒక దఫా జరుగుట ఆనవాయితీ. ఆ మహబూబ్ అలీ ఖాన్ దర్బారుకే రాజా దీన్ దయాళ్ ఛాయాగ్రాహకుడు. 'ముసవ్విర్ జంగ్' అను బిరుదు పొందినవాడు. గుర్రాన్ని, కెమెరాను రెండింటిని ఆదరించిన ఊరు మనది.

పందెం జరుగునది రెండు నిమిషాలలోపే. దాని వెనుక జీవితం తెల్లవారుజాము నుండి మొదలగును. మా విద్యార్థి ఒకని తండ్రి సాయిసు. ఆయన వెంట ఒక ఉదయం మేము లాయాలకు వెళ్ళితిమి. ఇంకను చీకటి వీడలేదు. సాయిసులు గుర్రాలను బయటకు తెచ్చి నడిపిస్తున్నారు. స్వారి కుర్రవాళ్ళు వాటిని ట్రాకుపైకి తీసికొనిపోతే ట్రైనరు చేతిలో స్టాప్‌వాచితో ఒక్కొక్క ఫర్లాంగు లెక్కపెడుతున్నాడు. తిరిగివచ్చిన గుర్రం ముక్కుల నుండి పొగలు లేస్తున్నవి. దౌడులో గుర్రం ఒక్కొక్క అంగకు ఒక్కొక్క శ్వాస తీయును, అంగ మధ్య ఊపిరి పీల్చుటకు దానికి వేరే వ్యవధి లేదు. విశ్రాంతిలో నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకొనే గుండె పరుగులో 200 దాటును. సాయిసు కాళ్ళను ఒక్కొక్కటిగా తడిమి చూస్తాడు. వేడి తగిలినచో ఎక్కడో వాపు ఉన్నదన్న మాట. ఆ అరచేతి తీర్పు తరువాతనే వైద్యునికి కబురు పోవును. నాల్‌బందు వచ్చి గిట్ట చెక్కి, పందేనికి తేలికైన అల్యూమినియం నాడాలు కొట్టును.

ఈ శరీరం ఎంత బలమైనదో అంత పెళుసైనది. సుమారు 450 కిలోల బరువును సన్నని కాళ్ళు మోయవలెను. కాలి ఎముక ఘోరంగా విరిగిన గుర్రాన్ని చాలా సందర్భాలలో బ్రతికించుట సాధ్యం కాదు. అది నెలల తరబడి పడుకొని ఉండలేదు, మూడు కాళ్ళపై నిలువలేదు. గాయపడకున్నను దాని పరుగు జీవితం కొన్ని సంవత్సరాలే. ఆయువు మాత్రం పాతిక సంవత్సరాల వరకు ఉండవచ్చును. మిగిలిన ఆయువుకు జవాబుదారీ ఎవరు అన్నది ఈ వ్యాపారం నేటికిని నిండుగా బదులు చెప్పని ప్రశ్న.

ఆ ఉదయం సాయిసు మమ్ములను తన ఇంటికి పిలిచి టీ ఇచ్చాడు. గోడపై చట్రంలో ఒక ఫోటో ఉన్నది. ఒక నగరంలో ఆయన సాకిన గుర్రం పెద్ద పందెం గెలిచిన నాటిది. గుర్రం ఉన్నది. దానిపై జాకీ ఉన్నాడు. కళ్ళెం పట్టుకొని యజమాని నవ్వుతున్నాడు. ఎడమ అంచున ఒక చేయి, కొంచెం చొక్కా చేతి గుడ్డ మాత్రమే కనబడుచున్నవి. ఆ చేయి మా మిత్రునిది. ఫోటో తీసినవారెవరో అచ్చుకు అనుకూలంగా అంచు కోసివేశారు. క్రింద గుర్రం పేరు, యజమాని పేరు, ట్రైనరు పేరు, జాకీ పేరు అచ్చుపడినవి.

మేము కొంచెం నొచ్చుకొని, "భాయీ, మీ ముఖం లేదే!" అన్నాము.

ఆయన నవ్వి దక్కనీలో అన్న మాటను తెలుగులో వ్రాస్తున్నాము. "ముఖం లేకపోతేనేమి ప్రొఫెసర్ సాబ్? గుర్రం చెవులు చూడండి. అందరు దాని ఎదుట నిలిచి ఉన్నారు. అది చెవులు తిప్పినది నా వైపు."

చూచితిమి. నిజమే. పక్కన నిలిచిన ఆయన కుమారుడు, మా విద్యార్థి, ఆ చిత్రాన్ని అన్నేళ్ళు చూచియు చెవులను గమనించలేదట. ఆనాటి నుండి తన తండ్రి ఏమి పని చేస్తాడని ఎవరైన అడిగినచో అతడు తడుముకొనుట మానినాడు. మాకు ఆ ఉదయం లభించిన ఫలితం ఇదే.

6. పందెం, విచక్షణ

జూదం మాట ఎత్తకుండ ఈ వ్యాసం ముగించుట న్యాయం కాదు. 1996లో మద్రాసు పందేలకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడిన క్రీడ అని తీర్పు చెప్పినది. చట్టం దృష్టిలో అది సరియే. కాని విద్యార్థి వేరొక ప్రశ్న వేసికొనవలెను. ఆ నైపుణ్యంలో ఎక్కువ పాలు ఎవరిది? గుర్రానిది, జాకీది, ట్రైనరుది, సాయిసుది. టిక్కెట్టు కొన్నవాని పాలు ఎంత? టోటలైజరు పద్ధతిలో అందరి సొమ్ము ఒక కుప్పగా చేరును. పన్ను, క్లబ్బు వాటా తీసివేసి మిగిలినదే గెలిచినవారికి పంచబడును. కనుక పందెం కాసినవారందరు కలిసి పెట్టినదానికంటె తక్కువే తిరిగి పొందెదరు. ఇది అదృష్టం కాదు, కూడిక, తీసివేత. ఇస్లాం పందెపు సొమ్మును నిషేధించినది. ధర్మరాజు, నలుడు పడిన పాట్లు భారతం చెప్పినది. రెండింటికి తోడు లెక్క కూడ అదే మాట చెప్పుచున్నది.

నేడు ప్రతి విద్యార్థి చేతిలోను కెమెరా ఉన్న ఫోను ఉన్నది. ముయ్‌బ్రిడ్జ్ పన్నెండు కెమెరాలతో చేసిన పనిని అది జేబులో చేయగలదు. కాని అంచు ఎక్కడ కోయవలెనో నిర్ణయించునది యంత్రం కాదు. మన కళాశాల వార్షికోత్సవంలో ఫోటోలు తీయునప్పుడు వేదికపై పెద్దలతోపాటు కుర్చీలు మోసినవారు, దీపాలు కట్టినవారు కూడ చట్రంలో ఉన్నారా అని ఒకసారి చూచుకొందురని, క్రింద వారి పేర్లు కూడ వ్రాయుదురని ఆశిస్తున్నాము. కళాశాల సంఘంవారు ఈ సంచిక చివరి ఫోటోల పేజీకి ఈ నియమం అనుమతింతురని నమ్ముచున్నాము.

నలుడు గెలుచుకొన్నది అక్షహృదయం. కాని అతనిని బాహుకుని వేషంలో కూడ దమయంతి గుర్తించుటకు ఒక ఆధారమైనది, రథం వచ్చిన చప్పుడు, అనగా అతని అశ్వహృదయం.